చీరాల ఇసుకలో ఇంటి బావి, దాని గొట్టము

గుంటూరు సీమలోని నల్లరేగడి పొలముల మీదుగా తూర్పునకు ప్రయాణము చేయువానికి, చీరాల సమీపించుసరికి కాలిక్రింది నేల మారిపోయినట్లు తెలిసిపోవును. ప్రత్తికిని మిరపకును పేరొందిన జిగట నేల వెనుకబడి ఇసుక మొదలగును. సముద్రపుటొడ్డునకు సమాంతరముగా, ఒకదాని వెనుక నొకటిగా ఇసుక మెరకలు సాగియుండును. వాటి నడుమ పల్లములుండును. ఒకప్పుడు సముద్రము వచ్చి తాకిన గట్టులే ఇవి. సముద్రము వెనుకకు జరిగినకొలది ఒక్కొక్క గట్టు మిగిలిపోయినది. ఇప్పుడు తీరము వాడరేవు వద్ద, ఊరికి కొద్ది మైళ్ళ దూరమున నున్నది. ఈ పట్టణము 1970 వరకు గుంటూరు జిల్లాలోను, అటుపిమ్మట ప్రకాశము జిల్లాలోను ఉండెను. 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరినది. జిల్లా రెండుసార్లు మారినను ఇసుక మాత్రము మారలేదు.

రేగడి గ్రామములలో మంచినీళ్ళ చెరువే ఊరికి ప్రాణము. అచ్చట బావి త్రవ్వినచో ఉప్పునీరు పడుట పెక్కుచోట్ల చూచినదే. చీరాల, వేటపాలెము, బాపట్ల ప్రాంతముల ఇసుకలో అట్లు కాదు. పెక్కుచోట్ల కొద్ది అడుగులు త్రవ్వగనే నీరూరును. అట్లు త్రవ్విన గోతికి ఇచ్చటివారు దొరువని పేరు పెట్టిరి. తోటమాలి రెండు చేతుల రెండు కుండలతో దొరువులోనికి దిగి, నీరు ముంచుకొని, గట్టెక్కి మొక్కలకు పోయుట ఈ తీరమున తరతరముల వ్యవసాయము. ఇంటివాడకమునకు దొరువు చాలదు, ఇసుక కూలిపోవును. అందుచేత ఒరల బావి వచ్చినది. ఒక ఒరను నేలమీద నుంచి, దాని లోపల మనిషి కూర్చుండి ఇసుకను తోడివేయుచుండగా, ఒర తన బరువుననే క్రిందికి దిగును. దానిపై మరియొక ఒర, దానిపై ఇంకొకటి. కాల్చిన మట్టి ఒరలతో ఇట్టి బావులను కట్టుట మన దేశమున రెండువేల ఏండ్లకు పైబడిన విద్య. పురావస్తుశాఖవారు ప్రాచీన పట్టణముల త్రవ్వకములలో వీనిని పెక్కుచోట్ల కనుగొనిరి. కుమ్మరి చేసిన ఒర పోయి సిమెంటు ఒర వచ్చినను, దింపు పద్ధతి మారలేదు.

ఇంత దగ్గర నీరుండగా గొట్టమును గూర్చి ప్రసంగింపవలసిన అగత్యమేమని శ్రోతలు అడుగవచ్చును. నీరు దగ్గరగా నుండుటయే ఇచ్చటి చిక్కు. ఆ మంచినీరు నేలలో అట్టడుగు వరకు నిండియుండునది కాదు. అది ఉప్పునీటిపై తేలుచున్న ఒక పొర.

ఈ సంగతిని శాస్త్రరీత్యా తేల్చినవారిద్దరు. హాలెండు దేశపు సైనిక ఇంజనీరు బాడన్ ఘైబెన్ 1888-89 ప్రాంతమున దీనిని గుర్తించెను. ఆయనతో సంబంధము లేకయే జర్మను ఇంజనీరు హెర్జ్‌బెర్గ్ 1901లో, సముద్రద్వీపములోని బావులను పరిశీలించి, అదే నిర్ణయమునకు వచ్చెను. వారి లెక్క సులభమైనది. సముద్రజలము మంచినీటికంటె నూటికి రెండున్నర పాళ్ళు బరువు. అనగా 40 అడుగుల ఉప్పునీటి బరువు 41 అడుగుల మంచినీటి బరువునకు సరిపోవును. కావున ఇసుకలోని మంచినీరు సముద్రమట్టమునకు ఒక్క అడుగు ఎత్తున నిలిచియున్నచో, దాని దిగువన 40 అడుగుల లోతువరకు మంచినీరే యుండును. వినుటకిది వరమువలె తోచును. కాని లెక్కను తిరుగవేసి చూడుడు. పంపుతో తోడి నీటిమట్టమును ఒక్క అడుగు తగ్గించి, అట్లే నిలిపియుంచినచో, క్రిందినుండి ఉప్పునీరు 40 అడుగులు పైకి వచ్చుటకు యత్నించును. ఒక్కనాటిలో కాదు, నెమ్మదిగా, బావి సరిగా క్రిందనే ఒక శంకువువలె లేచి వచ్చును. ఒకసారి వచ్చిన ఉప్పు తిరిగి దిగుటకు వానలు కురిసి చాలకాలము పట్టును.

చేద వేసి బొక్కెనతో తోడుకొన్న కాలమున ఈ చిక్కు రాలేదు. గిలకపై త్రాడు లాగు చేతులకు అలుపున్నది. ఆ అలుపే మంచినీటి పొరకు కాపు. గొట్టము వచ్చిన పిమ్మట ఆ కాపు తొలగినది. ఇంటి బావికి ఏ గొట్టము, ఏ కొలత, ఏ అతుకు అని విచారించునపుడు ధరను, మన్నికను మాత్రమే కాక, దానివలన ఆ పొరకు కలుగు మేలుకీడులను కూడ చూడవలెనని మా అభిప్రాయము.

ఈ ఊరిలో నీరు వంటకును స్నానమునకును మాత్రమే కాదు. చీరాల నేతగాండ్రు, అద్దకపువారు నీటి గుణమును మనకంటె బాగుగ నెరిగినవారు. ఇచ్చటికి తూర్పున నున్న నిజాంపట్నములో డచ్చివారు 1606లోను, ఇంగ్లీషువారు 1611లోను వర్తకము ప్రారంభించుటకు ఈ తీరపు రంగుగుడ్డలు ఒక ముఖ్యకారణము. ఆ ఎరుపు చిరివేరునుండి వచ్చెడిది. పిమ్మట రసాయనశాలలో తయారైన అలిజరిన్ దాని స్థానమును ఆక్రమించెను. చీరాల పేరు మోసిన తేలియా రుమాళ్ళ ఎరుపు ఆ అలిజరిన్‌దే. అలిజరిన్‌కు పటికతో చేరినపుడు ఎరుపు వచ్చును. ఇనుముతో చేరినపుడు ఊదా, ఇంకను హెచ్చినచో నలుపు వచ్చును. తుప్పుపట్టిన ఇనుప గొట్టమునుండి వచ్చు నీటిలో ఎర్రగుడ్డ ముంచినచో మెరుగు తగ్గుట కిదియే హేతువు. గొట్టపు లోహము గుడ్డమీద కనబడు ఊరిది.

చీరాల నీటిని గూర్చి చెప్పుచు 1921ని తలపకపోవుట న్యాయము కాదు. చీరాల, పేరాల మున్నగు గ్రామములను కలిపి మద్రాసు ప్రభుత్వము 1919లో మునిసిపాలిటీగా మార్చెను. ఏటికి నాలుగు వేల రూపాయలుగా నున్న పన్ను నలుబదివేల వరకు పెరిగెను. ప్రజలలో పెక్కురు నేతపనివారు, చిన్న రైతులు. పన్ను పదిరెట్లయినది, దానికి ప్రతిగా తమకు చేకూరు సౌకర్యమేమని వారి ప్రశ్న. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు వారికి నాయకులైరి. 1921 ఏప్రిలులో గాంధీ మహాత్ముడు ఊరికి వచ్చినపుడు, ఊరు విడిచిపోవుట ఒక మార్గమని సూచించెను. అంతట సుమారు పదునైదు వేల జనములో అత్యధికులు ఇల్లు వాకిళ్ళు విడిచి, మునిసిపలు హద్దు వెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడి పదునొకండు మాసములు కాపురముండిరి. బయలుదేరినది నడివేసవి. ఆ ఎండలో, అంత జనము, పశువులతో సహా, బయలు ప్రదేశమున నిలువగలిగిరనగా అది ఈ ఇసుక చలువయే యని మా ఊహ. రేగడి నేలలో అట్టి ప్రయోగము వారము దినములు సాగదు. నాయకుల త్యాగమును, రామదండు క్రమశిక్షణను చరిత్రకారులు చక్కగా వ్రాసిరి. కాలిక్రింది నీటిని గూర్చి వ్రాసినవారు తక్కువ.

ఇక గొట్టముల సంగతి. గొట్టములలో పురాతనమైనది మట్టి గొట్టమే. గోలకొండ కోటలో కుతుబ్‌షాహీల కాలపు మట్టి గొట్టములు గోడలలో ఇప్పటికిని కానవచ్చును. అంచెలంచెలుగా చక్రములతో తోడిన నీటిని అవి పైకోటకు చేర్చెడివి. పడమటి దేశములలో రోమనులు సీసపు గొట్టములు వాడిరి. సీసమును వంచుట సులభము, అతుకుట సులభము. లాటిను భాషలో సీసమునకు గల పేరునుండియే నేడు మనమందరమును పలుకు ప్లంబరు అను మాట పుట్టినది. అయినను రెండువేల ఏండ్ల క్రిందటనే విట్రూవియస్ అను రోమను శిల్పి, సీసపు గొట్టపు నీటికంటె మట్టి గొట్టపు నీరే ఆరోగ్యకరమని వ్రాసెను. సీసము కరగించు పనివారి ముఖములు పాలిపోయియుండుటయే ఆయనకు దొరికిన ప్రమాణము. ఈ సీసము కథ అంతటితో ముగియలేదు. మరల దానివద్దకు రావలసియున్నది.

ఇసుకలో గొట్టమును నేరుగ దింపి నీరు తీయు ఉపాయము 1860ల నాటిది. అమెరికాలో పుట్టినది. గొట్టపు కొసకు ఉక్కుమొన, దానిపై సన్నని రంధ్రములు. సమ్మెటతో మోది నేలలో దింపి, పైన చేతిపంపు బిగించినచో నీరు వచ్చును. 1867-68లో అబిసీనియాపై దండెత్తిన ఆంగ్ల సైన్యము, అందలి భారతీయ సిపాయిలు, ఈ గొట్టముల నీటిని త్రాగిరి. దానివలననే దీనికి అబిసీనియా బావి యను పేరు నిలిచినది. మన కోస్తాలో రైతులు ఫిల్టరు పాయింటనియు, ఇండ్లలో బోరింగు పంపనియు చెప్పునది దీని సంతతియే. సమ్మెటపోటు లేకుండ, నీటితో ఇసుకను కలచి గొట్టమును దింపుట ఇచ్చటి పనివారి నేర్పు. కొసన చీలికల గొట్టము, దానిచుట్టు సన్నని జాలి. జాలి కన్నులు ఇసుక రేణువులకంటె పెద్దవైనచో ఇసుక పంపులోనికి వచ్చును. మరీ సన్ననివైనచో ఊట తగ్గును. కావున ముందుగా ఆ తావున లోతునుండి తీసిన ఇసుకను ఆరబెట్టి, జల్లించి చూచి, పిదప జాలిని ఎంచుకొనుట ఉత్తమము. దుకాణములో నున్న జాలిని తెచ్చి చుట్టుట పరిపాటియైనది. దాని ఫలము రెండేండ్లలో పంపు చక్రము అరుగుట.

పంపు నేలమీద నుండి నీటిని పీల్చుటకొక హద్దున్నది. చూషణపు పంపు పదునెనిమిది మూరలకంటె నీటిని ఎత్తలేదని గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథమున వ్రాసెను. కారణమును ఆయన శిష్యుడు టారిసెల్లి, 1643లో పాదరసముతో ప్రయోగము చేసి తేల్చెను. నీటిని పంపు లాగుటలేదు. గాలి బరువు క్రిందినుండి త్రోయుచున్నది. ఆ బరువు ఎత్తగలది సిద్ధాంతరీత్యా 10.3 మీటర్లు. ఆచరణలో ఏడు మీటర్లకు మించి ఆశపడరాదు. చీరాల ఇసుకలో నీరు ఆ హద్దునకు లోపలనే దొరకును గనుక, నేలమీది చిన్న పంపే ఇంటికి సరిపోవును. ఊరంతట నీటిమట్టము నిలిచియుండగా బావిలోనికి మునుగు పెద్ద పంపును దింపుట వలన వచ్చు లాభము మాకు కనబడదు. ఉప్పును పిలుచుట మాత్రము కనబడుచున్నది.

ఇరువదవ శతాబ్దమున ఎక్కువ కాలము ఇంటి గొట్టమనగా జి.ఐ. గొట్టమే, అనగా తుత్తునాగపు పూతగల ఇనుప గొట్టము. దీని పూర్వకథ విచిత్రమైనది. దీపపు గ్యాసును ఇండ్లకు పంపుటకు మొదట ఇంగ్లండులో పాత తుపాకి గొట్టములను ఒకదాని కొకటి మరలతో అతికి వాడిరి. నేటికిని రెండువైపుల మరగల చిన్న ముక్కను బ్యారల్ నిపిల్ అనుట ఆ తుపాకుల జ్ఞాపకమే. 1825లో వైట్‌హౌస్ అను నతడు ఇనుప రేకును కాల్చి, అంచులను చేర్చి, ఒక్క లాగుతో గొట్టముగా చేయు పద్ధతిని కనిపెట్టెను. ఇనుముపై తుత్తునాగము పూయు పద్ధతికి 1837లో ఫ్రాన్సు దేశస్థుడు సోరెల్ పేటెంటు పొందెను. దాని వెనుకనున్న మర్మమును అంతకు ముందే 1824లో హంఫ్రీ డేవీ బయటపెట్టియుండెను. యుద్ధనౌకల అడుగున తాపిన రాగిరేకులు ఉప్పునీటిలో తినివేయబడుచుండెను. రాగికి తుత్తునాగపు ముక్కను, లేదా ఇనుప ముక్కను తాకించియుంచినచో, ఆ ముక్క తాను అరిగిపోవుచు రాగిని కాపాడునని డేవీ చూపెను. రాగి నిలిచినది, కాని దానిపై నత్తలు, నాచు పట్టి నౌకలు నడక తగ్గెను! ఏమైనను సూత్రము నిజము. జి.ఐ. గొట్టమున తుత్తునాగము తాను కరగుచు ఇనుమును కాపాడును. అది కరగి ముగిసిననాడు ఇనుము వంతు వచ్చును.

ఉప్పుగాలి, ఉప్పు కలిసిన నీరు ఉన్నచోట ఆ కరగుట త్వరగా జరుగును. అది గొట్టము మధ్యలో మొదలుకాదు, అతుకువద్ద మొదలగును. మర కోయునపుడు పూత తెగిపోవును. అంతేకాక గొట్టపు మందములో సగము పోవును. 25 మిల్లీమీటర్ల గొట్టమును తీసికొందము. దానిపై మర లోతు ఒకటిన్నర మిల్లీమీటర్లు. మధ్యమ తరగతి గొట్టపు మందము మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. తేలిక తరగతి గొట్టమైనచో మర క్రింద మిగులునది ఒక్క మిల్లీమీటరు చిల్లర. భారతీయ ప్రమాణము 1239 ప్రకారము ఈ తరగతులకు రంగు పట్టీలున్నవి: పసుపు పట్టీ తేలికది, నీలము మధ్యమము, ఎరుపు బరువైనది. సముద్రమునకు ఇంత చేరువలో పసుపు పట్టీ గొట్టమును బావికి దింపువాడు తక్కువ ధరకు ఎక్కువ వెల యిచ్చుచున్నాడు. ఇనుప గొట్టము కొనక తప్పనిచోట నీలమునకు తక్కువ కారాదు.

ఇంకొక కీడు ఇత్తడివలన వచ్చును. ఇనుప గొట్టమునకు ఇత్తడి ఫుట్ వాల్వు బిగించుట వాడుక. ఇత్తడి, ఇనుము, నడుమ ఉప్పునీరు కలిసినపుడు విద్యుత్తు పుట్టును. డేవీ చెప్పినట్లు వానిలో ఒకటి తాను అరిగి రెండవదానిని కాపాడును. ఇచ్చట అరుగునది ఇనుము. వాల్వు క్రొత్తదివలె మెరయుచుండగా దానిపైని అడుగు గొట్టము చిల్లులు పడుట ఇందువలననే. అమ్మినవాడు నకిలీ సరకు ఇచ్చెనని నిందించుట కద్దు. చాలసార్లు అతని తప్పేమియు లేదు.

మరల కొలతలు దేశమంతట ఒక్కటిగా నుండుట విట్‌వర్త్ అను ఇంగ్లీషు యంత్రశిల్పి పుణ్యము. అంతకు ముందు ఒక్కొక్క కర్మాగారమున ఒక్కొక్క మర. 1841లో ఆయన 55 డిగ్రీల కోణముతో ఒకే రీతి మరను ప్రతిపాదించెను. గొట్టపు మర దానినుండియే వచ్చినది: అర, ముప్పాతిక అంగుళములకు అంగుళమునకు 14 చుట్లు, ఒక అంగుళము మొదలు 11 చుట్లు. మన భారతీయ ప్రమాణము కూడ దీనినే గైకొన్నది. కనుకనే తాతనాటి ఎల్బో నేటి గొట్టమునకు పట్టును. మరలో జనుము చుట్టి సఫేదా పూసి బిగించుట పాత పద్ధతి. పూర్వపు సఫేదా సీసపు తెలుపే. త్రాగునీటి గొట్టమునకు అది తగదు. టెఫ్లాను పట్టీ చుట్టుట మేలు.

ఆ తరువాత పి.వి.సి. గొట్టము వచ్చినది. జర్మనీలో 1930ల దశకముననే నీటికి వాడిరి. మన దేశమున దానికి 4985వ సంఖ్యగల ప్రమాణము 1968లో వెలువడెను. ఉప్పునకు అది లొంగదు, తుప్పునకు తావులేదు, లోపల నున్నగా నుండును. చీరాలవంటి ఊరికి ఇది ఇనుముకంటె తగిన గొట్టమని మేము నిస్సంకోచముగా చెప్పగలము. అయినను దీనికి సొంత గుణదోషములు కలవు.

మొదటిది కొలత. ఇనుప గొట్టము లోపలి వెడల్పు పేరిట పిలువబడును. ఒక అంగుళపు గొట్టమునకు వెలుపలి కొలత 33 మిల్లీమీటర్ల పైచిలుకు. పి.వి.సి. గొట్టము వెలుపలి వెడల్పు పేరిట పిలువబడును. ఒక అంగుళమునకు బదులుగా అడుగవలసినది 32 మిల్లీమీటర్లు, రెండంగుళములకు 63. 25 మిల్లీమీటర్ల పి.వి.సి.ని ఒక అంగుళమనుకొని తెచ్చువారు ఇంటికి చేరినపిమ్మట తెలిసికొందురు. రెండవది బలము. గొట్టముమీద చదరపు సెంటీమీటరునకు 2.5, 4, 6, 10 కిలోగ్రాముల ఒత్తిడి తరగతులు ముద్రింపబడియుండును. ఒక కిలోగ్రాము పది మీటర్ల నీటి ఎత్తునకు సమానము. ఆ అంకెలు 27 డిగ్రీల వేడిమికి చెప్పినవి. రోహిణీకార్తె ఎండలో డాబామీద పరచిన గొట్టమునకు ఆ బలముండదు. ఎండ దానిని పెళుసుగా కూడ చేయును. కనుక బయట తిరుగు గొట్టమును పాతిపెట్టుటయో, రంగు పూయుటయో అవసరము. బావికి దింపు గొట్టములకు, చీలికల గొట్టములకు 12818వ సంఖ్యగల వేరు ప్రమాణమున్నది. ఇంటిలోపలి పలుచని గొట్టమును రంపముతో చీల్చి ఇసుకలో దింపుట పొదుపు కాదు.

మూడవది సీసము. పి.వి.సి.ని వేడిచేసి గొట్టముగా పోయునపుడు అది చెడిపోకుండ సీసపు లవణములను కలుపుట చాలకాలము వాడుకలో నుండెను. రోమనులు విడిచిన సీసము ఈ త్రోవను మన ఇండ్లకు తిరిగివచ్చెనన్నమాట. 2021లో కేంద్ర ప్రభుత్వము పి.వి.సి. గొట్టములలో సీసపు వాడకమును అరికట్టు నిబంధనలను వెలువరించెను. త్రాగునీటికి కొనువారు గొట్టముమీద ప్రమాణ సంస్థవారి గుర్తును, సీసము లేదన్న ముద్రను చూచి కొనవలెను. ముద్రలేని గొట్టము మీటరునకు కొన్ని రూపాయలు తక్కువకు దొరకును. ఆ కొన్ని రూపాయలకై పసిపిల్లల ఒంటిలోనికి సీసమును పంపరాదు. పెద్దలకంటె పిల్లలకే అది ఎక్కువ హాని.

పి.వి.సి. అతుకు జిగురుతో అంటించినది కాదు. ఆ ద్రావకము గొట్టపు చర్మమును, సాకెట్టు చర్మమును కరగించి ఒక్కటి చేయును. తడి, ఇసుక ఉన్నచో అది కరగదు. ఇసుక ఊరిలో ఇసుక లేకుండ తుడుచుటయే పెద్దపని. లోహపు మర, ప్లాస్టికు మర కలియుచోట ఒక నియమము పాటింపవలెను: ప్లాస్టికు మరను లోహపు సాకెట్టులో బిగింపవచ్చును, లోహపు మరను ప్లాస్టికు సాకెట్టులో బిగించినచో సాకెట్టు పగులును.

గొట్టపు లావును నిర్ణయించుటకు ఆధారము దార్సీ అను ఫ్రెంచి ఇంజనీరు పరిశోధనలు. డిజాన్ నగరమునకు నీరు తెచ్చిన ఆయన, ఇసుకగుండ నీరు పారు సూత్రమును 1856లో ప్రచురించెను. గొట్టములలో నీటి నడకను కూడ కొలిచినవాడాయనయే. ఇసుక, గొట్టము, ఈ రెంటిని కలిపి ఆలోచించిన ఒకేమనిషి; చీరాలకు ఇంతకంటె తగిన గురువు దొరకడు. అదే నీటిని పంపుటకు గొట్టపు వెడల్పు సగమైనచో ఒరపిడివలని నష్టము సుమారు 32 రెట్లగును. ఒక అంగుళమునకు బదులు ముప్పాతిక వేసినచో నాలుగు రెట్లు. పదునుగా వంగిన ఒక్క ఎల్బో, తన వెడల్పునకు ముప్పది రెట్ల పొడవుగల తిన్నని గొట్టముతో సమానము. అంగుళపు గొట్టములో అది రెండున్నర అడుగులు. చూషణపు వైపున ఈ లెక్క మరియు కఠినము. అచ్చట గొట్టము పంపు నోటికంటె ఒక కొలత పెద్దదిగా నుండవలెను. బావినుండి పంపువరకు ఎచ్చటను మూపురము లేక క్రమముగా ఎక్కుచు పోవలెను; మూపురమున్నచో అందు గాలి నిలుచును. ఫుట్ వాల్వు బావి అడుగునకు రెండడుగులైన పైన వ్రేలాడవలెను. చూషణపు వైపు అతుకు కారినచో నీటిబొట్టు కనబడదు, లోనికి గాలి పోవును. పంపు తిరుగుచున్నను నీరు రాదు. నీరు లేదని బావిని లోతు చేయించినవారిని ఎరుగుదుము. లోపము ఒక యూనియనులోని రబ్బరు బిళ్ళది.

పంపు పిదప ఒక నాన్‌రిటర్ను వాల్వు, ఒక గేటు వాల్వు, విప్పుటకు వీలుగా ఒక యూనియను పెట్టించుట అవసరము. మునిసిపలు కొళాయి, బావి గొట్టము రెండును గల ఇండ్లలో వాటిని ఒక టీతో కలిపి నడుమ వాల్వు పెట్టుట కద్దు. అది చేయరాదు. ఆ వాల్వు కారిన దినమున, వీథి గొట్టములో ఒత్తిడి లేనివేళ, బావినీరు ఊరి నీటిలోనికి పోవును. ఇసుక నేలలో మరుగుదొడ్డి గోతినుండి బావికి త్రోవ సులభమని మరువరాదు. రెండును వేరు వేరుగా తొట్టిలోనికి, నీటిమట్టమునకు పైనుండి పడవలెను.

ఇక మొదట చెప్పిన పొర విషయము. బాపట్లలో ఉప్పునీటి వినియోగముపై పనిచేయు పరిశోధన కేంద్రమువారు పాత దొరువును వదలక దానినే సవరించిరి. నడుమ ఒక ఒరల బావి. దానినుండి ఇరువైపుల, నీటిమట్టమునకు కొంచెము దిగువన, చిల్లుల పి.వి.సి. గొట్టములు అడ్డముగా పరచి, జాలి చుట్టి, ఇసుక కప్పుదురు. నీరు ఒక్కచోట లోతునుండి కాక విశాలముగా పైపైనుండి వచ్చి చేరును. మీగడ తీసినట్లు మంచినీటిని తీయుట ఇది. క్రింది ఉప్పు కదలదు. రైతు పొలమునకు చేసిన ఈ ఏర్పాటు పెరడుగల ఇంటికి చిన్నదిగా చేసికొనవచ్చును. అంత చోటు లేనివారు ఒక లోతైన గొట్టమునకు బదులు, లోతు తక్కువగల రెండు మూడు ఫిల్టరు పాయింట్లను దూరదూరముగా దింపి, పైన ఒకే గొట్టమునకు కలుపుకొనవచ్చును. పంపు చిన్నదిగా నుండవలెను, తొట్టి పెద్దదిగా నుండవలెను. ఉదయము కొంతసేపు, సాయంత్రము కొంతసేపు తోడవలెను.

చివరకు ఒక చిన్న అమరిక. పంపు దాటిన వెంటనే, తొట్టికి పోకముందు, ఒక టీ వేసి అర అంగుళపు కొళాయి పెట్టించవలెను. తొట్టినీటిలో వెనుకటి నీరు కలిసియుండును. బావి మాట ఈ కొళాయి చెప్పును. ఉప్పెక్కుచున్న నీటిలో సబ్బు నురుగదు, కందిపప్పు త్వరగా ఉడకదు. మాఘమాసమున ఒకసారి, జ్యేష్ఠమున ఒకసారి ఈ కొళాయి నీటితో ఒకే కొలత పప్పు పొయ్యిమీద పెట్టి చూచుట ఇల్లాండ్రకు తెలిసిన పరీక్షయే. జ్యేష్ఠపు పప్పు బాగా ఆలస్యమైనచో, వానలు వచ్చువరకు పంపు నడుపు వేళను సగమునకు తగ్గించవలెను.